ఫాస్ఫరస్ పేపరులో పేరుంది, లుకేమియా పేపరులో లేదు

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తిరుపతి పత్రికల జిల్లా పేజీలు చూసేవారికి ఒక తరహా వార్త బాగా పరిచయం. ప్రపంచంలోని అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో స్థానిక అధ్యాపకులకు చోటు దక్కిందని శీర్షిక, కింద శాలువా కప్పుతున్న ఫొటో, ఆ కింద వీసీ అభినందనలు. యూనివర్సిటీలు, వైద్య కళాశాలలు ఇన్ని ఉన్న ఊరిలో ఇలాంటి వార్తలు రావడంలో వింతేమీ లేదు. ఆ జాబితా దేన్ని కొలిచి తయారుచేశారన్నది మాత్రం వార్తలో ఎక్కడా ఉండదు.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ అనే పరిశోధన వ్యాసాల డేటాబేస్ ఆధారంగా దాన్ని తయారుచేస్తుంది. మొత్తం విజ్ఞాన రంగాన్ని 22 విభాగాలుగా, 174 ఉపవిభాగాలుగా చేసి, ఆరు లెక్కలు కలిపి ఒక్కొక్కరికీ ఒక స్కోరు ఇస్తారు. ఆ ఆరింటికీ మూలం ఒక్కటే: సైటేషన్. అంటే ఒక పరిశోధకుడు రాసిన పేపర్‌ను (పరిశోధన వ్యాసాన్ని) తర్వాతి పరిశోధకులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారు అన్న లెక్క. తోటి పరిశోధకులకు రాసేటప్పుడు ఎవరి పేపర్ అవసరపడిందో సైటేషన్ చెబుతుంది. రోగికి ఎవరి పని అవసరపడిందో చెప్పాలని దాన్ని తయారుచేయలేదు. చాలా రంగాల్లో ఈ రెండూ ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్ అయిన లుకేమియాలో మాత్రం అవి పక్కపక్కనే నడుస్తూ అప్పుడప్పుడూ బాగా దూరం జరుగుతాయి. ఎందుకో తెలియాలంటే మొదట చూడాల్సింది ఒక తెలుగువాడి రెండు పనులను.

1925, 1948

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరారు. మూడేళ్లకు, 1925లో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ఒక పేపర్ ప్రచురించారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేట్ దానితో జతకడుతుంది, దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది, ఆ నీలం ఎంత ముదురుగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. పద్ధతి తేలిక, ఖర్చు తక్కువ, ఏ ప్రయోగశాలలోనైనా చేసుకోవచ్చు. జీవరసాయన శాస్త్రంలో ఫాస్ఫరస్ లేని చోటు తక్కువ కాబట్టి దశాబ్దాల పాటు కండరాల మీద పనిచేసేవారు, మొక్కల మీద పనిచేసేవారు, మట్టిని పరీక్షించేవారు, అందరూ ఈ పేపర్‌నే ప్రస్తావించారు. సైటేషన్లు వేల సంఖ్యలో వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దపు జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ప్రస్తావనకు నోచుకున్న పేపర్లలో అదొకటి.

పద్ధతులు చెప్పే పేపర్లకు ఈ అదృష్టం మామూలే. ప్రపంచంలోనే అత్యధిక సైటేషన్లున్న పేపర్ 1951లో ఆలివర్ లోరీ బృందం రాసింది. అది ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి. దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. డీఎన్ఏ నిర్మాణం చెప్పిన పేపర్ దాని దరిదాపుల్లోకి కూడా రాదు.

ఇక రెండో పని. 1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టుగా ఉన్న సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ యాసిడ్ రకాల మందులు లుకేమియా పిల్లలకు ఇచ్చి చూసినప్పుడు జబ్బు తగ్గకపోగా మరింత ఊపందుకున్నట్టు కనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు ఇస్తే? ఆ అడ్డుకునే పదార్థాలను తయారుచేసి పంపింది లెడర్లేలోని సుబ్బారావు బృందమే. వాటిలో ఒకటి అమినోప్టెరిన్.

1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫార్బర్ పేపర్ వచ్చింది. తీవ్రమైన జబ్బుతో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో మెరుగుదల కనిపించింది. తాత్కాలికమే అని పేపర్ శీర్షికలోనే రాశారు. నిజంగానే ఆ రెమిషన్లు (జబ్బు అణిగిన దశలు) నెలలకు మించి నిలవలేదు. అయినా అంతకుముందు ఈ జబ్బుకు మందు అన్నదే లేదు. రసాయన మందుతో పిల్లల తీవ్ర లుకేమియాను వెనక్కి నెట్టవచ్చని మొదటిసారి తెలిసింది అప్పుడే. ఆ పేపర్ రచయితలు ఐదుగురు. ఆ ఐదుగురిలో సుబ్బారావు లేరు. రెండు నెలల తర్వాత, 1948 ఆగస్టులో, ఆయన చనిపోయారు.

ఇందులో ఎవరో ఎవరినో మోసం చేశారని అనుకోనక్కర్లేదు. అప్పటి ఆనవాయితీ అది: మందు తయారుచేసినవారు తమ రసాయన శాస్త్ర పేపర్ రాసుకుంటారు, రోగికి ఇచ్చినవారు తమ వైద్య పేపర్ రాసుకుంటారు. కానీ ఈ రోజు ఎవరైనా కంప్యూటర్‌లో సుబ్బారావు పేరు కొట్టి సైటేషన్ల జాబితా తీస్తే ఆయన ప్రధానంగా ఫాస్ఫరస్ కొలిచిన మనిషిగా కనిపిస్తారు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ కూడా అదే ప్రయోగశాల నుంచి వచ్చింది. తిరుపతిలోనైనా టోక్యోలోనైనా పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ లుకేమియా ఉన్న పిల్లవాడికి ఈ రోజుకీ నోటి ద్వారా వారానికోసారి, కొన్నిసార్లు వెన్నులో ఇంజెక్షన్‌గా, ఆ మందు ఇస్తున్నారు. మెథోట్రెక్సేట్ డోసు గురించి పేపర్ రాసేవారిలో చాలామంది 1948 నాటి పేపర్‌ను ప్రస్తావించరు. అందరికీ తెలిసిన విషయమైపోయాక ఇక ప్రస్తావన దేనికి? రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని ముందే గమనించాడు. ఒక ఆవిష్కరణ ఎంత లోతుగా జీర్ణమైపోతే దాని మూలం పేరు అంతగా కనుమరుగవుతుంది.

ఫాస్ఫరస్ పేపర్‌కూ పిల్లల లుకేమియాకూ సంబంధమే లేదనుకుంటే అదీ తప్పే. కీమో మొదలుపెట్టిన తొలి రోజుల్లో లుకేమియా కణాలు గుంపులుగా పగిలిపోతాయి. వాటిలోని పొటాషియం, యూరిక్ యాసిడ్, ఫాస్ఫేట్ రక్తంలోకి ఒక్కసారిగా వచ్చి పడతాయి. లింఫోబ్లాస్టులలో (ఆ లుకేమియా కణాల్లో) మామూలు లింఫోసైట్లనే తెల్లకణాల కంటే ఫాస్ఫేట్ చాలా ఎక్కువ. కిడ్నీలు దెబ్బతినకుండా వార్డులో రోజూ, ఒక్కోసారి ఆరు గంటలకోసారి, రక్తం తీసి ఫాస్ఫరస్ చూస్తారు. ఇప్పటి ఆటో ఎనలైజర్లలో జరిగే చర్య కూడా మాలిబ్డేట్ చుట్టూ తిరిగేదే. 1925లో ఎవరూ ఊహించని కలయిక ఇది, ఏ సైటేషన్ లెక్కకూ దొరకదు.

అంకెలు ఎక్కడ పోగవుతాయి

సైటేషన్లను పుస్తకాల పద్దులా వరుసగా రాసే పని యూజీన్ గార్‌ఫీల్డ్‌ది. 1955లో ఆయన ఈ ఆలోచనను సైన్స్ పత్రికలో రాశారు, 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలుపెట్టారు. జర్నళ్లకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (సగటున ఒక్కో పేపర్‌కు ఎన్ని సైటేషన్లు అన్న అంకె) ఇవ్వడం కూడా అక్కడి నుంచే వచ్చింది. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ మనుషులకు ఒక అంకె ఇచ్చాడు. అదే హెచ్-ఇండెక్స్. ఒకరి హెచ్-ఇండెక్స్ 30 అంటే కనీసం 30 సార్లు ప్రస్తావనకు వచ్చిన పేపర్లు ఆయనకు 30 ఉన్నాయని అర్థం. ఒకే ఒక్క పేపర్‌కు పదివేల సైటేషన్లున్నా హెచ్-ఇండెక్స్‌లో దాని విలువ ఒకటే. ఫార్బర్ లాంటివారు ఆ ఒక్క పేపరే రాసి ఊరుకుని ఉంటే హెచ్-ఇండెక్స్ ఒకటి దగ్గరే ఆగిపోయేది.

పిల్లల లుకేమియాలో అగ్రస్థానంలో ఉన్న పరిశోధకుడి పేపర్ల జాబితా ఎలా ఉంటుందో చూడటానికి చింగ్-హాన్ ప్వీ మంచి ఉదాహరణ. అమెరికాలోని మెంఫిస్‌లో 1962లో తెరిచిన సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో దశాబ్దాల పాటు పనిచేసిన వైద్యుడు ఆయన. పేపర్లు వందల్లో ఉన్నాయి. వాటిలో ఎక్కువ సైటేషన్లు వచ్చినవాటిని వరుసగా చూస్తే రివ్యూ వ్యాసాలకు పెద్ద చోటు కనిపిస్తుంది: న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో 1998, 2004, 2006 సంవత్సరాల్లో, లాన్సెట్‌లో 2008లో వచ్చినవి. రివ్యూ అంటే కొత్త ప్రయోగం కాదు, ఆ రంగంలో అప్పటివరకు తేలినదంతా ఒకచోట పేర్చి చెప్పడం. కొత్తగా పేపర్ రాసే ప్రతివారూ మొదటి పేరాలో ‘పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో లుకేమియా ఎక్కువ’ అని రాసి, పక్కన ఏదో ఒక రివ్యూ నంబరు వేస్తారు. రివ్యూల సైటేషన్లలో గణనీయమైన భాగం ఆ మొదటి పేరా పుణ్యమే. రివ్యూ రాయడం తక్కువ పని అని కాదు. పెద్ద జర్నల్ పిలిచి రాయమందంటేనే ఆ మనిషికి ఆ రంగంలో గౌరవం ఉన్నట్టు.

ఆయన పేరు ముందున్న మరో పేపర్ మాత్రం పూర్తిగా వేరే జాతిది. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. అంతకుముందు లుకేమియా మెదడుకు పాకకుండా కొందరు పిల్లలకు తలకు రేడియేషన్ ఇచ్చేవారు. బతికిన పిల్లల్లో చదువు మందగించడం, హార్మోన్ల లోపం, కొన్నేళ్లకు మెదడులో కొత్త కణితులు రావడం కనిపించాయి. 498 మంది పిల్లలకు ఒక్కరికీ రేడియేషన్ ఇవ్వకుండా, మందుల వాడకాన్ని మార్చి, ఐదేళ్ల తర్వాత చూస్తే 93.5 శాతం మంది బతికి ఉన్నారు. ఈ పేపర్‌కూ సైటేషన్లు బాగానే వచ్చాయి. కానీ దాని అసలు ఫలితం కనిపించేది పేపర్లలో కాదు, రేడియేషన్ గదికి వెళ్లాల్సిన అవసరం తప్పిన పిల్లల్లో. బ్రిటన్‌లో 2013లో ప్రచురితమైన పరిశోధన కూడా ఇలాంటిదే. చికిత్స మొదలయ్యాక ఎముక మజ్జలో మిగిలిన లుకేమియా కణాలు అతి తక్కువగా ఉన్న పిల్లలకు మందులు తగ్గించినా నష్టం లేదని అది తేల్చింది. వైద్యంలో ఎక్కువ ఇవ్వడం కంటే తగ్గించడానికే గుండె ధైర్యం కావాలి, పైగా అలాంటి పేపర్ రాయాలంటే ఏళ్ల తరబడి వేచి చూడాలి. ఏటా లెక్క చెప్పాల్సిన పరిశోధకుడికి అంత ఓపిక ఖరీదైనదే.

ఇక్కడ ఇంకో చిక్కుంది. పిల్లల లుకేమియా అరుదైన జబ్బు. ఒక్క ఆసుపత్రిలో ఏడాదికి వచ్చే పిల్లలతో ఏదీ తేలదు. అందుకే అమెరికా, జర్మనీ, బ్రిటన్‌లలో వందల ఆసుపత్రులు గ్రూపులుగా కలిసి ఒకే ప్రోటోకాల్ (ఏ మందు ఎప్పుడు, ఎంత అన్న చికిత్స ప్రణాళిక) నడుపుతాయి. పేపర్ మీద ఇరవై, ముప్ఫై పేర్లుంటాయి. సైటేషన్ వస్తే ప్రతి పేరుకూ పూర్తిగా ఒకటి జమ. ఐడియా ఎవరిది, పిల్లల్ని చేర్చింది ఎవరు, గణాంకాలు చూసింది ఎవరు, పేరు మాత్రమే ఉన్నది ఎవరు అన్న తేడా మామూలు లెక్కలో ఉండదు. అయోనిడిస్ జాబితా ఈ విషయంలో కాస్త నయం. మొదటి పేరు, చివరి పేరు ఉన్న పేపర్లను అది విడిగా చూస్తుంది, ఎక్కువమంది రాసిన పేపర్‌ను పంచి లెక్కిస్తుంది, సొంత సైటేషన్లు తీసేసిన లెక్క కూడా పక్కన ఇస్తుంది. అయినా విభాగాధిపతి పేరు ప్రతి పేపర్‌లో ఎక్కించే అలవాటును ఏ ఫార్ములా పట్టుకోలేదు. సొమ్మొకడిది సోకొకడిది అన్న మాట వైద్య కళాశాలల కారిడార్లలో పీజీలు ఊరికే అనుకోరు.

భాష కూడా లెక్కను తారుమారు చేస్తుంది. నేడు చాలా దేశాల లింఫోబ్లాస్టిక్ లుకేమియా ప్రోటోకాళ్లకు వెన్నెముకగా ఉన్న జర్మన్ పద్ధతిని హన్స్‌యోర్గ్ రీమ్ బృందం 1970లలో పశ్చిమ బెర్లిన్‌లో మొదలుపెట్టింది. తొలి ఫలితాల్లో కొన్ని 1977లో జర్మన్ భాషలో, జర్మన్ పిల్లల వైద్య పత్రికలో వచ్చాయి. ఇంగ్లిష్ మాత్రమే చదివే ప్రపంచం వాటిని ఎంతవరకు ప్రస్తావిస్తుంది?

మన పేర్ల గొడవ

యల్లాప్రగడ ఇంటిపేరు, సుబ్బారావు సొంత పేరు అని తెలుగువారికి చెప్పనక్కర్లేదు. ఇండెక్సుల్లో మాత్రం ఆయన ‘సుబ్బారో, వై’. అంటే సొంత పేరు ఇంటిపేరైపోయి, ఇంటిపేరు ఒక అక్షరానికి కుదించుకుపోయింది. ఆయన కాబట్టి సరిపోయింది, అలాంటి స్పెల్లింగు చాలా అరుదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో రెడ్డి, నాయుడు అని చివర ఉన్న వైద్యుల పరిస్థితి వేరు. ‘రెడ్డి కె’ అని వెతికితే కడప నుంచి హ్యూస్టన్ దాకా ఉన్న వందలమంది ఒకే మనిషిగా కలిసిపోతారు. ఇంకోవైపు ఒకే డాక్టరు ఒక పేపర్‌లో ఇంటిపేరు ముందు పెట్టి, మరోదానిలో చివర పెట్టి, మూడోదానిలో పెళ్లి తర్వాతి పేరు పెడితే ముగ్గురు మనుషులుగా విడిపోతారు. మహిళా వైద్యుల విషయంలో ఇది మరీ ఎక్కువ.

2012లో వచ్చిన ఆర్కిడ్ నంబరు ఈ గొడవ తీర్చడానికే. ప్రతి పరిశోధకుడికీ పదహారు అంకెల గుర్తింపు, ఉచితం. పేపర్ పంపేటప్పుడు ఆ నంబరు వేస్తే పేరు ఎలా రాసినా లెక్క ఒకచోటే చేరుతుంది. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ ఒక్కటే చూసి అంచనా వేస్తే మాత్రం జాగ్రత్త అవసరం. అక్కడ థీసిస్‌లు, సమావేశ పత్రాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి అంకె స్కోపస్ కంటే పెద్దగా కనిపిస్తుంది. వేరే ‘రెడ్డి’ గారి పేపర్లు చేరి ఉన్నా అడిగేవాడు లేడు.

మన దేశపు పేపర్లు

భారతదేశంలో పిల్లల లుకేమియా గురించి రాసే ఎవరైనా తప్పనిసరిగా చదవాల్సిన పేపర్ ఒకటుంది. 1980లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన ఇయన్ మాగ్రాత్ సహకారంతో ముంబైలోని టాటా మెమోరియల్, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ ఎయిమ్స్ ఒకే ప్రోటోకాల్ మొదలుపెట్టాయి. దాని పేరు ఎంసీపీ-841. అది ఇక్కడి ఆసుపత్రులు తట్టుకోగలిగేలా, మందులు దొరికేలా రూపొందించిన ప్రోటోకాల్. ఇరవై ఏళ్ల అనుభవాన్ని 2005లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారు. రచయితల్లో అడయార్ డాక్టర్ వి.శాంత కూడా ఉన్నారు. ఒక పేపర్ వెనక ఇరవై ఏళ్లు. అదే ఇరవై ఏళ్లలో ప్రయోగశాలలో జన్యువుల మీద పనిచేసే పరిశోధకుడికి యాభై పేపర్లు వస్తాయి. రెండు ప్రొఫైళ్లనూ పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చడంలో అర్థం లేదు.

చిత్తూరు నుంచి గంట ప్రయాణం లోపే ఉన్న వేలూరు సీఎంసీ నుంచి వచ్చిన పేపర్ ఇంకో రకం. ప్రోమైలోసైటిక్ లుకేమియా అనేది ఎముక మజ్జలో పుట్టే మరో లుకేమియా, పెద్దలకూ వస్తుంది, పిల్లలకూ వస్తుంది. చైనాలోని హార్బిన్ వైద్యులు దీనికి ఆర్సెనిక్ పనిచేస్తుందని చెప్పారు. పాశ్చాత్య దేశాల్లో దాన్ని జబ్బు తిరగబెట్టినవారికే ఎక్కువగా వాడుతున్న రోజుల్లో, వేలూరులో కొత్త రోగులకే మొదటి మందుగా, అది కూడా ఒక్కటే ఇచ్చారు. ఖరీదైన మందులు కొనలేని రోగుల కోసం వెతికిన దారి అది. 72 మంది ఫలితాలు 2006లో బ్లడ్ అనే జర్నల్‌లో వచ్చాయి. చాలామందిలో రెమిషన్ నిలిచింది, ఇబ్బందులు తక్కువ. 2013లో ప్రచురితమైన యూరప్ ట్రయల్‌లో ఆర్సెనిక్, ట్రెటినాయిన్ అనే మరో మందు కలిపిన చికిత్స కీమో ఉన్న చికిత్సకు తీసిపోదని తేలడంతో ఈ జబ్బు వైద్యమే మారిపోయింది. డబ్బు లేక వెతికిన దారి డబ్బున్న దేశాలకూ రాజమార్గమైంది. ఇలాంటి పేపర్‌కు సైటేషన్లు వచ్చినప్పుడు ఆ లెక్క నిజంగా ఏదో చెబుతోందని ఒప్పుకోవాలి.

కొన్నింటికి అంత గుర్తింపు రాదు. ఆస్పరాజినేజ్ అనేది పిల్లల లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో ముఖ్యమైన ఇంజెక్షన్. మన దేశంలో అమ్మే కొన్ని జెనరిక్ బ్రాండ్ల నాణ్యత సంతృప్తికరంగా లేదని భారతీయ పరిశోధకుల పేపర్ 2021లో వచ్చింది. అమెరికా వైద్యుడికి దాన్ని ప్రస్తావించాల్సిన అవసరం పెద్దగా రాదు, అక్కడ ఆ బ్రాండ్లే లేవు. ఇక్కడి వార్డులో మాత్రం ఏ బ్రాండ్ కొనాలన్నది ఆ పేపర్ చదివి తేల్చుకోవాల్సిన విషయం.

మెర్కాప్టోప్యూరిన్ మాత్రల సంగతి ఇంకా ఆసక్తికరం. జబ్బు అణిగాక అది తిరగబెట్టకుండా సాగే మెయింటెనెన్స్ దశలో పిల్లలు రోజూ వేసుకునే మాత్ర ఇది. ఐరోపా పరిశోధనల ప్రకారం ఈ మందు పడనివారిని టీపీఎంటీ అనే జన్యువు చూసి గుర్తించేవారు. కానీ ఆసియా పిల్లల్లో చాలామందికి టీపీఎంటీ బాగానే ఉన్నా మామూలు డోసుకే కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పడిపోయేవి. 2014లో కొరియాలో పేగు జబ్బు రోగుల్లో, 2015లో లుకేమియా పిల్లల్లో, దీనికి కారణం నూడ్ట్15 అనే వేరే జన్యువులోని మార్పు అని తేలింది. దక్షిణాసియా వారిలో ఆ మార్పు తరచుగా కనిపిస్తుంది, ఐరోపా వారిలో అరుదు. పాతికేళ్ల పాటు టీపీఎంటీ పేపర్లకు వచ్చిన సైటేషన్ల రాశి, రాయలసీమ పిల్లవాడి కౌంట్స్ ఎందుకు పడిపోతున్నాయో చెప్పలేకపోయింది. ఎవరిని పరీక్షించి పేపర్ రాశారన్నది ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదానికంటే ముఖ్యమైన సందర్భాలు ఇలాంటివే.

తిరుపతి నుంచి రాయాల్సినవి

తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది, స్విమ్స్ వైద్య సంస్థ ఉంది, టాటా ట్రస్ట్స్ చేయూతతో వచ్చి 2022లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. స్విమ్స్ 2012 నుంచి జర్నల్ ఆఫ్ క్లినికల్ అండ్ సైంటిఫిక్ రీసెర్చ్ అనే సొంత పత్రికను కూడా నడుపుతోంది. వైద్య కళాశాలల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పై మెట్టు ఎక్కాలంటే పేపర్లు కావాలి, అవి ఇండెక్స్ అయిన జర్నళ్లలో రావాలి. దీనివల్ల పేపర్ల సంఖ్య పెరిగింది. అందులో ఒక అరుదైన కేసు గురించి రెండు పేజీలు రాసినవి చాలా. ప్రమోషన్‌కు ఒక పేపర్ తక్కువైందన్న టెన్షన్‌తో రాసిన పేపర్‌ను ఎవరూ ప్రస్తావించకపోవడం సహజమే.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రశ్న ఒకటి ఎవరైనా తీసుకుంటే మాత్రం దానికి విలువ ఉంటుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా మూడు రాష్ట్రాల కూడలి. పలమనేరు, చిత్తూరు వైపు పిల్లవాడికి జ్వరం తగ్గక, ఒంటి మీద మచ్చలొచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోతే కుటుంబం వేలూరు బస్సెక్కుతుంది. కుప్పం వాళ్లు బెంగళూరు వెళ్తారు. నగరి, పుత్తూరు, సత్యవేడు వాళ్లకు చెన్నై దగ్గర. జబ్బు ఒకచోట బయటపడుతుంది, మొదటి కీమో రెండోచోట, మెయింటెనెన్స్ మాత్రలు మళ్లీ ఊరి దగ్గర. ఆరోగ్యశ్రీ (2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఎక్కడ చెల్లుతుందన్న లెక్క దీనికి తోడు. చికిత్స మొత్తం రెండు నుంచి రెండున్నరేళ్లు. మొదటి నెల గడిచేసరికి పిల్లవాడు ఆరోగ్యంగా ఆడుకుంటూ కనిపిస్తాడు. కూలి పోగొట్టుకుని మళ్లీ మళ్లీ ఊరు దాటి వెళ్లడం భారమవుతుంది. నాలుగు వారాలు, అంతకు మించి వరుసగా రాకపోతే దాన్ని చికిత్స మానేయడంగా లెక్కించాలని అంతర్జాతీయ పిల్లల క్యాన్సర్ వైద్యుల సంఘం నిర్వచించింది. వేలూరు రికార్డులో మానేసినట్టు కనిపించే పిల్లవాడు తిరుపతిలో మందులు తీసుకుంటూ ఉండొచ్చు. నిజంగానే మానేసి ఉండొచ్చు కూడా. మూడు రాష్ట్రాల ఆసుపత్రుల రికార్డులు కలిపి చూస్తే తప్ప ఇది తేలదు.

ఇలాంటి పేపర్ పెద్ద జర్నల్‌లో రాకపోవచ్చు, పదేళ్లకు పది సైటేషన్లే రావచ్చు. 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో కనీసం 60 శాతం మంది బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టింది. సంపన్న దేశాల్లో లింఫోబ్లాస్టిక్ లుకేమియా పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇప్పటికే బతుకుతున్నారు. ఆ దేశాలకూ మనకూ మధ్య ఉన్న తేడాలో కొత్త మందుల వాటా ఎంతో, మధ్యలో ఆగిపోయిన చికిత్సల వాటా ఎంతో చెప్పగలిగేది ఈ రకం పేపర్లే.

ఇదంతా చదువుతున్న తల్లిదండ్రుల్లో కొందరు ఇప్పటికే డాక్టరు పేరు గూగుల్‌లో కొట్టి, ఎన్ని పేపర్లు, హెచ్-ఇండెక్స్ ఎంత అని చూసి ఉంటారు. ఆసుపత్రిని ఎంచుకోవడానికి ఆ అంకె పెద్దగా పనికిరాదు. ఏడాదికి ఎంతమంది లుకేమియా పిల్లలకు చికిత్స చేస్తున్నారు, ఏ ప్రోటోకాల్ వాడుతున్నారు, మొదటి నెల చివర మజ్జలో మిగిలిన కణాలను లెక్కించే ఎంఆర్‌డీ పరీక్ష చేస్తారా, మెయింటెనెన్స్ దశలో రక్తపరీక్షలు ఊళ్లోనే చేయించుకుని రిపోర్టు ఫోన్‌లో పంపితే చూస్తారా అని అడిగితే ఎక్కువ విషయం తెలుస్తుంది. అన్నిటికంటే ముందు అడగాల్సింది జ్వరం గురించి. కీమో నడుస్తున్నప్పుడు తెల్లకణాలు పడిపోయిన పిల్లవాడికి 100.4 డిగ్రీలు దాటిన జ్వరం ఎమర్జెన్సీ. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. అర్ధరాత్రి రెండు గంటలకు జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఆ ఇంజెక్షన్ వేస్తారు అన్నది ఒక కాగితం మీద రాసి ఇవ్వమని మొదటి రోజే అడగవచ్చు.